మసక ఫొటోకు ముగ్గురు సాక్షులు

బీరువాలోంచి తీసిన ఫిల్మ్ కెమెరా ఫోకస్ కుదరక సతాయిస్తోందా? మెకానిక్‌ దగ్గరికి పరుగెత్తే ముందు, ఖరీదైన రీలు వేసే ముందు ఇంట్లోనే చేసుకోగల పరీక్షలున్నాయి. తప్పు ఎక్కడుందో తేలితే చాలా కెమెరాలకు మరమ్మతే అక్కర్లేదు.

బటన్ సగం వరకు నొక్కుతారు. లెన్స్ జుయ్‌మంటూ దగ్గర్నుంచి దూరానికీ, దూరం నుంచి మళ్లీ దగ్గరికీ తిరుగుతుంది. వ్యూఫైండర్ అడుగున నిలకడగా వెలగాల్సిన పచ్చచుక్క మిణుకుమిణుకుమంటుంది. బటన్ పూర్తిగా నొక్కినా షట్టర్ పడదు. ‘ఇన్నేళ్లు మూలన పడి ఉంది కదా, పాడైపోయుంటుంది’ అనుకుని కెమెరాను మళ్లీ సంచీలో పెట్టేస్తారు. నాన్నగారి కెమెరానో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదో పట్టుకుని ఫిల్ము నేర్చుకోవాలనుకున్న కుర్రాళ్లలో ఎందరో ఈ దగ్గరే ఆగిపోతున్నారు.

ఆటోఫోకస్ కుదరకపోవడం, ఆటోఫోకస్ చెడిపోవడం ఒకటి కాదు. కుదరకపోవడానికి కారణం ఎదురుగా ఉన్న తెల్లగోడ కావచ్చు, చాలని వెలుగు కావచ్చు, ఎవరో ఎప్పుడో మార్చి వదిలేసిన మీట కావచ్చు. చెడిపోవడానికి కారణం మాత్రం యంత్రంలోనే ఉంటుంది. ఈ రెండింటినీ విడదీయకుండా కెమెరా విప్పితే బాగున్న భాగాలూ పాడవుతాయి.

ఫిల్ము విషయంలో ఇంకో చిక్కుంది. డిజిటల్ కెమెరా తప్పు చేస్తే మరుక్షణం తెర మీద కనిపిస్తుంది. ఫిల్ము అయితే 36 ఫొటోలూ తీసి, రీలు ల్యాబుకు పంపి, కడిగించి, స్కాన్ చేయించాక గానీ బయటపడదు. అప్పటికి పెళ్లి అయిపోయి ఉంటుంది, ప్రయాణం ముగిసి ఉంటుంది. అందుకే ఫిల్మ్ కెమెరా ఫోకస్ తప్పును రీలు వేయకముందే పట్టుకోవాలి. పట్టుకోవచ్చు కూడా.

కెమెరాకు చూపు వచ్చిన కథ

మన ఇళ్లలో ఒకప్పుడు బాగా కనిపించిన కొడాక్ కేబీ10కి ఈ బాధే లేదు. దానికి ఫోకస్ చేసే ఏర్పాటే లేదు. కొన్ని అడుగుల నుంచి కనుచూపు మేర వరకు అంతా ఓ మాదిరి స్పష్టంగా వచ్చేలా లెన్స్‌ను ఒకేచోట బిగించేశారు. దూరాన్ని తనంతట తాను కొలుచుకునే కెమెరా భారీస్థాయిలో మార్కెట్‌కు వచ్చింది 1977లో. జపాన్‌కు చెందిన కోనికా తెచ్చిన సీ35 ఏఎఫ్ అది. దాని లోపలున్న కొలత పరికరం మాత్రం అమెరికా కంపెనీ హనీవెల్‌ది. మరుసటి ఏడాది పోలరాయిడ్ తన ఎస్ఎక్స్-70 కెమెరాకు శబ్ద తరంగాలతో దూరం కొలిచే సోనార్‌ను తగిలించింది. 1979లో కెనాన్ ఏఎఫ్35ఎం పరారుణ కిరణాలతో అదే పని చేసింది.

లెన్స్‌లు మార్చుకునే ఎస్సెల్లార్ కెమెరాల్లో అసలు మలుపు 1985లో వచ్చిన మినోల్టా 7000. ఫోకస్ కొలిచే సెన్సర్, లెన్స్‌ను తిప్పే మోటారు రెండూ బాడీలోనే ఉండటంతో ఎస్సెల్లార్‌లో ఆటోఫోకస్ మామూలు ఫొటోగ్రాఫర్‌కు అందుబాటులోకి వచ్చింది. 1986లో నికాన్ ఎఫ్-501, 1987లో కెనాన్ ఈఓఎస్ 650 వచ్చాయి. తమ పేటెంట్లను వాడుకున్నారంటూ హనీవెల్ కోర్టుకెక్కింది. చివరికి 1992లో మినోల్టా 12.75 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఫోకస్ బిందువు కోసం సాగిన పోరు అంత ఖరీదైనది!

ఈ చరిత్రలో మన పరీక్షకు పనికొచ్చే ముక్క ఒకటుంది. మినోల్టా, నికాన్‌లు మోటారును బాడీలో పెట్టాయి. లెన్స్ బిగించే చోట స్క్రూడ్రైవర్ మొన లాంటి చిన్న ముక్క బయటికి వచ్చి లెన్స్ వెనక గాడిలో కూర్చుంటుంది, అదే తిప్పుతుంది. కెనాన్ ప్రతి లెన్స్‌లోనూ సొంత మోటారు పెట్టింది. బాడీకీ లెన్స్‌కీ మధ్య కరెంటు, సంకేతాలు తప్ప తిరిగే భాగమేదీ లేదు. అందువల్ల ఫోకస్ కదలకపోతే మొదటి రకంలో ఆ మొన మీద, రెండో రకంలో లెన్స్ లోపలి మోటారు మీద, బంగారు పూత కాంటాక్టుల మీద అనుమానపడాలి.

కెనాన్ 2018లో ఈఓఎస్-1వీ అమ్మకాలు ఆపేసింది. 2020లో నికాన్ ఎఫ్6 ఉత్పత్తి ఆగింది. ఈ తరగతి కెమెరాలు మళ్లీ తయారవడం లేదు కాబట్టి ఉన్నవాటిని కాపాడుకోవడమే మార్గం.

అది వెతికేది తేడాను

ఎస్సెల్లార్‌లో లెన్స్ వెనక ఏటవాలుగా ఉండే పెద్ద అద్దం మధ్యభాగం కొంత వెలుగును తన గుండా పోనిస్తుంది. ఆ వెలుగు వెనకనున్న చిన్న అద్దానికి తగిలి కిందికి, కెమెరా అడుగుకు మళ్లుతుంది. అక్కడి సెన్సర్ లెన్స్ ఒక అంచు నుంచి వచ్చిన వెలుగునూ, ఎదుటి అంచు నుంచి వచ్చిన వెలుగునూ విడదీసి రెండు బొమ్మలుగా చూస్తుంది. రెండింటి మధ్య ఎడం ఎంత ఉండాలో కెమెరాకు తెలుసు. ఎడం తగ్గితే ఫోకస్ ఒక పక్కకు, పెరిగితే మరో పక్కకు తప్పినట్టు. ఎంత తిప్పాలో కూడా ఆ ఒక్క కొలతతోనే తేలుతుంది.

రెండు బొమ్మలను పోల్చాలంటే వాటిలో పోల్చడానికి ఏదో ఒకటి ఉండాలి. ఓ గీత, ఓ అంచు, ఓ నలుపు తెలుపుల తేడా. వెల్లవేసిన గోడ, మబ్బులేని ఆకాశం, పొగమంచు, మడతల్లేని ఒకే రంగు చీర... వీటిలో ఆ తేడా దొరకదు. దొరకనప్పుడు లెన్స్ ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూ వెతుక్కుంటుంది. ఫొటోగ్రాఫర్లు ‘హంటింగ్’ అనేది దీన్నే. చీర మీద కాకుండా దాని జరీ అంచు మీద పెట్టి చూడండి, టక్కున ఆగుతుంది.

తొలితరం కెమెరాల్లో సెన్సర్ అడ్డంగా ఉండే ఒకే గీత. అది నిలువు గీతలనే పట్టగలదు. గోదావరి ఘాట్ మెట్లలాంటి అడ్డగీతల ముందు తెల్లబోతుంది. కెమెరాను నిలువుగా తిప్పి, బటన్ సగం నొక్కి ఫోకస్ లాక్ చేసి, నొక్కిన వేలు తీయకుండా మళ్లీ అడ్డంగా తిప్పి ఫొటో తీస్తే సరి. చాలా కెమెరాల్లో మధ్య పాయింటే గట్టిది. అనుమానం వచ్చినప్పుడు మిగతా పాయింట్లన్నీ ఆపేసి దాంతోనే పరీక్షించండి.

జబ్బు కానివి ముందు ఏరేయండి

మొదట మీటలు. కెనాన్‌లో ఆటో, మాన్యువల్ మార్చే మీట లెన్స్ మీద ఉంటుంది. నికాన్‌లో బాడీ ముందు, లెన్స్ పక్కన ఎం, ఎస్, సీ అని కనిపిస్తుంది. కొన్ని లెన్స్‌ల మీద మరో రింగు కూడా ఉంటుంది. రెండుచోట్లా ఆటోలో ఉంటేనే పని జరుగుతుంది. ‘ఎస్’లో ఫోకస్ కుదిరితే తప్ప షట్టర్ పడదు. అది కెమెరా మొరాయింపు కాదు, దాని నియమమే అంత. ‘సీ’లో చాలా కెమెరాలు ఫోకస్ కుదరకపోయినా ఫొటో తీసేస్తాయి.

సెకండ్ హ్యాండ్ కెమెరాల్లో ఇంకో ఉచ్చు ఉంటుంది. ఫోకస్ చేసే పనిని షట్టర్ బటన్ నుంచి తప్పించి వెనకనున్న బటన్‌కు అప్పగించే సదుపాయం చాలా ఈఓఎస్ బాడీల్లో ఉంది. పాత యజమాని అలా మార్చి ఉంటే మీరు బటన్ ఎంతసేపు సగం నొక్కినా లెన్స్ కదలదు. బొటనవేలి దగ్గర నక్షత్రం గుర్తున్న బటన్ నొక్కి చూడండి. ప్రాణం లేదనుకున్న ఆటోఫోకస్ కదిలితే, చిక్కు సెట్టింగులోనే ఉందన్నమాట. 1992 నాటి ఈఓఎస్ 5 కంటిపాప కదలికను బట్టి ఫోకస్ పాయింట్‌ను ఎంచుకుంటుంది. కళ్లజోడు ఉన్నవారికి అది తరచూ గురి తప్పుతుంది. దాన్ని ఆపేసి పాయింట్‌ను మీరే ఎంచుకోండి.

తర్వాత దూరం. ప్రతి లెన్స్‌కూ ఓ దగ్గరి హద్దు ఉంటుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌లలో చాలావాటికి అది 45 సెంటీమీటర్లు. టేబుల్ మీది కాఫీకప్పు అంతకన్నా దగ్గరుంటే ఫోకస్ కుదరదు. ఒకడుగు వెనక్కి జరగండి. వెలుగు విషయంలోనూ హద్దుంది. చాలా సెన్సర్లు ఎఫ్/5.6 లేదా అంతకన్నా ఎక్కువ వెలుగునిచ్చే లెన్స్‌ను దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి. జూమ్‌కు టెలికన్వర్టర్ తగిలించి ఎఫ్/8కి దిగితే తడబడతాయి.

లెన్స్ ముందు పోలరైజర్ ఉంటే తీసేసి చూడండి. పాతకాలపు లీనియర్ పోలరైజర్ గుండా వచ్చిన వెలుగును సగం పారదర్శకమైన ఆ పెద్ద అద్దం సమంగా పంచలేదు. దాంతో ఫోకస్, వెలుగు కొలత రెండూ గాడి తప్పుతాయి. ఆటోఫోకస్ కెమెరాలకు సర్క్యులర్ పోలరైజర్ కావాల్సింది ఇందుకే.

చివరిది పొంతన. నికాన్ మౌంట్ చూడటానికి ఒకేలా ఉన్నా, సొంత మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్స్‌ను ఎఫ్-501, ఎఫ్-801 లాంటి తొలితరం బాడీలు తిప్పలేవు. ఎఫ్100, ఎఫ్80 తిప్పగలవు. ఇటీవలి ఏఎఫ్-పీ లెన్స్‌లు ఏ ఫిల్మ్ బాడీ మీదా ఫోకస్ కావు. ఇక్కడ లెన్స్‌దీ తప్పు కాదు, బాడీదీ తప్పు కాదు.

సెల్‌లు, చిలుము, కాంటాక్టులు

కెమెరా ఆన్ అయింది, అంకెలు కనిపిస్తున్నాయి కాబట్టి సెల్ బాగుందనుకోవద్దు. తెర మీద అంకెలకు చిటికెడు కరెంటు చాలు. మోటారు తిరగడానికి చాలా కావాలి. నీరసపడిన సెల్‌ను మీటరుతో విడిగా కొలిస్తే వోల్టేజీ సరిగ్గానే చూపిస్తుంది. మోటారు లాగిన క్షణంలో కూలిపోతుంది. లెన్స్ కాస్త కదిలి ఆగిపోవడం, తిరిగేటప్పుడు శబ్దం నెమ్మదించడం దీని గుర్తులు. ఈఓఎస్ 650కి 6 వోల్టుల 2సీఆర్5, ఎఫ్80కి రెండు సీఆర్123ఏ, ఎఫ్100కి నాలుగు ఏఏ కావాలి. ఏదైనా సరే, మంచి కంపెనీ కొత్త సెల్‌లు వేశాకే మిగతా పరీక్షలు.

సెల్‌ల గదిలోకి టార్చి వేసి చూడండి. తెల్లటి పొడి, పచ్చటి చిలుము కనిపిస్తే దూదిపుల్లకు కాస్త వెనిగర్ అద్ది తుడిచి, ఆపై ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంచేసి ఆరనివ్వండి. లెన్స్ వెనకా, మౌంట్ లోపలా ఉండే బంగారు పూత కాంటాక్టులకు ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డ చాలు. ఉప్పుకాగితం వద్దే వద్దు, పూత లేచిపోతుంది.

లెన్స్‌ను కెమెరా నుంచి తీసి, దాని మీద మీట ఉంటే మాన్యువల్‌కు మార్చి, ఫోకస్ రింగును చేత్తో తిప్పండి. మొదటి నుంచి చివరి వరకు ఒకే నునుపుతో తిరగాలి. ఎక్కడైనా పట్టేస్తున్నా, గరగరలాడుతున్నా లోపల గ్రీజు గట్టిపడిందనో, దెబ్బ తగిలిందనో అర్థం. బాడీ మోటారుతో నడిచే లెన్స్ అయితే వెనక గాడిలో చిన్న స్క్రూడ్రైవర్ మొన పెట్టి నెమ్మదిగా తిప్పినా ఈ సంగతి తెలుస్తుంది. మోటారు శబ్దం వినిపిస్తూ రింగు కదలకపోతే ఆ మొన జారుతున్నట్టు. లెన్స్‌ను టక్‌మనేదాకా తిప్పి మళ్లీ బిగించండి.

ముగ్గురి వాంగ్మూలం

ఇక అసలు పరీక్ష. ఎస్సెల్లార్‌లో ఒకే దృశ్యాన్ని మూడుచోట్ల కొలుస్తారు. వ్యూఫైండర్ తెర మీద మీ కన్ను, అడుగున ఆటోఫోకస్ సెన్సర్, వెనక ఫిల్ము. ఈ మూడింటికీ లెన్స్ నుంచి వెలుగు ప్రయాణించే దూరం సమానంగా ఉండాలి. వీళ్లే మన ముగ్గురు సాక్షులు. ఇద్దరు ఒకమాట చెప్పి ఒకరు తేడాగా చెబితే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది.

ముందు మీ కంటి సాక్ష్యాన్ని సరిచేసుకోండి. వ్యూఫైండర్‌లోని ఫోకస్ బ్రాకెట్ గీతలు స్పష్టంగా ఉన్నాయా? గీతలే మసకగా ఉంటే లోపం లెన్స్‌ది కాదు. డయాప్టర్ చక్రం ఉంటే గీతలు పదునుగా కనిపించేదాకా తిప్పండి.

ఫిల్ము సాక్ష్యం కోసం రీలు ఖర్చుపెట్టనక్కర్లేదు. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, రెండు మీటర్ల దూరంలో గోడకు న్యూస్‌పేపర్ అంటించి, దాని మీదికి బాగా వెలుగు వేయండి. లెన్స్‌ను పూర్తి అపెర్చర్‌లో ఉంచండి. వెనక తలుపు తెరిస్తే ఫిల్ము ఆనే చోట రెండు జతల పట్టాలు కనిపిస్తాయి. లోపలి జత మీదే ఫిల్ము కూర్చుంటుంది. 35 మిల్లీమీటర్లకు మించని వెడల్పుతో ట్రేసింగ్ పేపర్ ముక్క కోసి ఆ లోపలి పట్టాల మీద చదునుగా ఆనించండి. ఇప్పుడు ఆటోఫోకస్ చేయండి. చుక్క నిలకడగా వెలిగాక లెన్స్ కదలకుండా మీటను మాన్యువల్‌కు మార్చండి. షట్టర్‌ను ‘బీ’లో పెట్టి, కేబుల్‌తో తెరిచి పట్టుకోండి. గదిలో మీ వైపు చీకటిగా ఉంటే ట్రేసింగ్ పేపర్ మీద అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి. భూతద్దంతో చూస్తూ ఫోకస్ రింగును అటూ ఇటూ రవ్వంత కదపండి. కెమెరా వదిలిన చోటే అక్షరాలు అన్నిటికన్నా పదునుగా ఉంటే ఆటోఫోకస్ నిక్షేపంలా ఉన్నట్టు. తలుపు తెరిచి ఉన్నా షట్టర్ పనిచేసే మోడళ్లలోనే ఇది కుదురుతుంది. కాగితాన్ని గానీ, గోరును గానీ షట్టర్ పొరలకు తగలనివ్వకండి.

ఇప్పుడు తీర్పు చెప్పొచ్చు. చేత్తో ఫోకస్ చేస్తే బాగా వస్తూ, ఆటోలో మాత్రం తప్పుతుంటే కన్నూ ఫిల్మూ ఒకవైపు, సెన్సర్ ఒకవైపు ఉన్నట్టు. సెన్సర్ కిటికీ మీద దుమ్మో, చిన్న అద్దం కోణం తప్పడమో కారణం. ఆటోలో ఫిల్ము బాగుండి వ్యూఫైండర్‌లో మసకగా ఉంటే డయాప్టరో, సరిగ్గా కూర్చోని తెరో దోషి. ఆటోఫోకస్‌ను ముట్టుకోకండి. కన్నూ సెన్సరూ సరే అంటున్నా ఫిల్ము మీద తప్పితే పెద్ద అద్దం పూర్తిగా కిందికి దిగడం లేదేమో, ఫిల్మును వెనక నుంచి అదిమే పలక వంగిందేమో చూడాలి.

పాత కెమెరాల్లో అద్దం తగిలే చోట ఉండే స్పాంజి ఏళ్ల తరబడి కరిగి జిగటగా మారుతుంది. దాని నలుసులు అడుగునున్న సెన్సర్ కిటికీ మీద రాలతాయి. కెమెరా ముఖం కిందికి ఉండేలా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. డబ్బా గాలి పదునుకు అద్దాలు కదిలిపోవచ్చు.

ఇంకో సూచన. తప్పు ప్రతిసారీ ఒకేవైపు, ఒకే మోతాదులో ఉంటే అది సర్దుబాటుతో పోయేది. ఓసారి ముందుకు, ఓసారి వెనక్కు పోతుంటే గేర్లు, కాంటాక్టులు, సెల్‌ల మీద అనుమానపడాలి. ఒక లెన్స్‌తోనే వస్తే లెన్స్‌ది, అన్నిటితో వస్తే బాడీది.

కంపాక్ట్‌ల దారి వేరు

జేబులో పట్టే ఆటోఫోకస్ కెమెరాల్లో వ్యూఫైండర్ ఒక ప్రత్యేక కిటికీ. ఫోకస్ తప్పినా అందులో కనిపించదు. వీటిలో చాలావరకు పరారుణ కిరణాన్ని పంపి, అది తిరిగొచ్చే కోణాన్ని బట్టి దూరం లెక్కిస్తాయి. ఈ కిరణానికి చీకటి అడ్డు కాదు, గాజు అడ్డు. బస్సు కిటికీలోంచి కొండలను తీస్తే అద్దం దగ్గరే ఫోకస్ పడొచ్చు. కొండ గుర్తు బటన్ ఉంటే నొక్కండి, నేరుగా దూరానికి వెళుతుంది.

చార్మినార్ ముందు ఇద్దరు నిలబడతారు. మధ్యలో జానెడు ఖాళీ. కెమెరా మధ్యబిందువు ఆ ఖాళీలోంచి వెళ్లి మినార్ల మీద వాలుతుంది. ప్రింటులో చార్మినార్ చక్కగా, మనుషులు మసకగా! ముందు ఒకరి ముఖం మీద గురిపెట్టి, బటన్ సగం నొక్కి ఉంచి, కెమెరాను మధ్యకు తిప్పి తీస్తే ఇద్దరూ స్పష్టంగా వస్తారు.

కెమెరా ముందున్న చిన్న కిటికీలను మెత్తటి గుడ్డతో తుడవండి, వేలు అడ్డం రాకుండా పట్టుకోండి. పరారుణ దీపం వెలుగుతోందో లేదో చూడటానికి టీవీ రిమోట్‌ను పరీక్షించే పద్ధతే వాడొచ్చు. ఫోన్ సెల్ఫీ కెమెరాను దానికి ఎదురుగా పెట్టి బటన్ సగం నొక్కితే చాలామటుకు చిన్న మెరుపు కనిపిస్తుంది.

నెగెటివ్ చెప్పే నిజం

ఇప్పటికే కడిగించిన రీలు ఉందా? భూతద్దంతో నెగెటివ్ చూడండి. ముఖం మసకగా ఉండి, దాని ముందో వెనకో ఇంకేదైనా పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. అంతా ఒకే దిశలో సాగినట్టుంటే చెయ్యి వణికింది. 50 ఎంఎం లెన్స్‌తో సెకనులో 60వ వంతు కన్నా నెమ్మది వేగం వాడితే ఆటోఫోకస్‌ను నిందించే ముందు ఆలోచించండి. స్కాన్‌లో ఫిల్ము రవ్వలు (గ్రెయిన్) కూడా అలుక్కుపోయి ఉంటే లోపం స్కానర్‌ది కావచ్చు. రవ్వలు స్పష్టంగా ఉండి బొమ్మ మసకగా ఉంటేనే కెమెరాను అనుమానించాలి.

50 ఎంఎం లెన్స్‌తో మీటరు దూరంలో ఎఫ్/1.8 దగ్గర పదునుగా వచ్చే లోతు సుమారు 4 సెంటీమీటర్లే. కళ్లు స్పష్టంగా ఉంటే చెవులు మసకబారతాయి. ఎఫ్/8 దగ్గర అది 20 సెంటీమీటర్లకు చేరువవుతుంది. స్వల్పంగా గురి తప్పే కెమెరాను మరమ్మతు అయ్యేదాకా మంచి ఎండలో ఎఫ్/8లో నిశ్చింతగా వాడుకోవచ్చు.

మెకానిక్‌తో ఏం చెప్పాలి?

చిన్న అద్దం కోణం సర్దడం, గేర్లు మార్చడం ఇంట్లో చేసే పనులు కావు. లోపల ఫ్లాష్ ఉన్న కెమెరాను అసలు విప్పకండి. సెల్‌లు తీసేసినా దాని కెపాసిటర్‌లో 300 వోల్టుల వరకు నిలవ ఉండొచ్చు. షాక్ గట్టిగా కొడుతుంది.

‘ఆటోఫోకస్ పనిచేయట్లేదన్నా, కాస్త చూడు’ అని కెమెరా చేతిలో పెట్టేస్తే ఆయన మొదటి నుంచి వెతుక్కోవాలి. ‘అన్నా, కొత్త సెల్‌లు వేశాను. రెండు లెన్స్‌లతో చూశాను. చేత్తో ఫోకస్ చేస్తే బాగానే వస్తోంది, ఆటోలో ప్రతిసారీ వెనక్కే పడుతోంది’ అని చెప్పండి. ఆయన చెయ్యి నేరుగా చిన్న అద్దం దగ్గరికే వెళుతుంది. మీ డబ్బూ మిగులుతుంది, కెమెరాకు అనవసరమైన కోతా తప్పుతుంది.

కొనేవాళ్లూ ఈ వరసనే పాటించాలి. కొత్త సెల్‌లు జేబులో వేసుకెళ్లండి. అక్షరాలున్న బోర్డు మీద, దూరంగా ఉన్న భవనం మీద, దగ్గరున్న మనిషి ముఖం మీద వరసగా ఫోకస్ చేసి చూడండి. మూడింటిలో ప్రతిదాని మీదా ఎన్నిసార్లు చేసినా దానికి తగ్గ బిందువు దగ్గరే ఆగితే ఆ ఆటోఫోకస్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ‘సెల్ లేదు సర్, కానీ పనిచేస్తుంది’ అనే మాట మీద మాత్రం డబ్బు పెట్టకండి.

ఈ కెమెరాలకు కొత్త విడిభాగాలు రావడం లేదు. బాగుచేసే చేతులూ తగ్గిపోతున్నాయి. అలాంటప్పుడు సెట్టింగు మారిందని, సెల్ నీరసపడిందని ఓ మంచి కెమెరాను తుక్కులో వేయడం అన్యాయం. ఓ ఆదివారం మధ్యాహ్నం, ఓ న్యూస్‌పేపర్, ఓ ట్రేసింగ్ పేపర్ ముక్క, ఓ భూతద్దం. మీ ఇంట్లో కెమెరా నిజంగా చెడిందో లేదో తేల్చడానికి ఇవి చాలు. ఆ తర్వాతే రీలు కొనండి.